రెండు రూపాయల అభ్యంతరం

లైను కదలడం లేదు.

2024 మే 13, సోమవారం. పొద్దున తొమ్మిది కూడా కాలేదు, కలికిరిలో అప్పుడే ఎండ నడినెత్తికి ఎక్కింది. బడి వరండా నీడ ఇంకా పదిమంది అవతల ఉంది. నీ కుడిచేతిలో ఓటరు కార్డు, దాని మీద బూత్ స్థాయి అధికారి, బీఎల్వో, ఇంటికొచ్చి ఇచ్చిన చీటీ. చీటీ చెమటకు మెత్తబడిపోయింది.

ఆడవాళ్ళంతా ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. నీ ముందు మాత్రం చాప పరిచేంత ఖాళీ. వెనకా అంతే. పొమ్మని ఎవరూ అనలేదు. పలకరించనూ లేదు. గేటు దగ్గర లాఠీ చంకలో పెట్టుకున్న కానిస్టేబులు నిన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. అతనికి నువ్వు బాగా తెలుసు. మూడు నెలలకోసారి స్టేషన్‌కు పోయి సంతకం పెట్టేటప్పుడు రిజిస్టరు నీ ముందుకు జరిపేది అతనే.

"ఎవురొచ్చినా ఇంతేలే మే," అంటోంది వెనకున్న ముసలామె పక్కావిడతో. "నిరుడు జులైలో టమోటా కిలో రెండు నూర్లు పలికింది, మదనపల్లె మార్కెట్లో. మా ఇంటాయన ట్రాక్టరు కొంటానన్నాడు. సెప్టెంబరొచ్చేసరికి అడిగే నాథుడు లేడు."

"ఢిల్లీలో కూర్చున్నోళ్ళకు టమోటా చెట్టుకు కాస్తుందో నేలలో పండుతుందో తెలుస్తుందా అత్తా?"

"రాష్ట్రానికి ప్రత్యేక హోదా అన్నారు గదా. యాడుంది?"

నవ్వులు. నీకూ నవ్వొస్తుంది, పెదవి దాటనివ్వవు. ఆ హోదా మాట నీకూ గుర్తుంది. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ చెప్పిన మాట అది. తర్వాతొచ్చిన ప్రభుత్వం హోదా కాదు, ప్యాకేజీ అంది. ఈ రెండు వార్తలూ నువ్వు ఒకే గోడకున్న టీవీలో విన్నావు. ఆ గోడ కడప జైలుది.

ఏం చేసి పోయావు లోపలికి? నీ చుట్టూ ఉన్న ఖాళీకి కారణం అదే. 2013లో ఒక రాత్రి నీ మొగుడు తాగొచ్చాడు. అది రోజూ ఉండేదే. ఆ రాత్రి పిల్ల మీదికి పోయాడు. నీ చేతికి అందింది రోకలి. ఆ తర్వాతి సంగతి మదనపల్లె కోర్టు కాగితాల్లో వివరంగా ఉంది, మళ్ళీ చెప్పనక్కర్లేదు. నువ్వు కాదనలేదు. జీవిత ఖైదు వేశారు.

నువ్వు పోయిననాటికి రాష్ట్రం ఒకటే. ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి. మీ మండలంవాడే, ఆయనది నగరిపల్లె. నువ్వు తిరిగొచ్చేనాటికి రాష్ట్రం రెండయింది. మరో రెండేళ్ళకు చిత్తూరు జిల్లా పోయి కలికిరి అన్నమయ్య జిల్లాలో పడింది. నీ కూతురికి నీ ఎత్తు వచ్చింది.

బయటికి ఎలా వచ్చావో కూడా చెప్పుకోవాలి. 2020 నవంబర్లో ప్రభుత్వం 53 మంది మహిళా జీవిత ఖైదీలను విడిచిపెట్టింది. కడప, రాజమండ్రి, విశాఖ, నెల్లూరు జైళ్ళ నుంచి. 50 వేల రూపాయలకు బాండు రాయించుకున్నారు. శిక్షాకాలం పూర్తయ్యేదాకా మూడు నెలలకోసారి స్టేషన్లో కనబడాలన్నారు. మళ్ళీ ఏదైనా నేరంలో ఇరుక్కుంటే ఈ క్షమాభిక్ష రద్దు, తిరిగి లోపలికే అన్నారు. ఆ చివరి మాటను ఆఫీసరమ్మ రెండుసార్లు చదివి వినిపించింది. నీకు ఒక్కసారికే ఎక్కింది.

అది కరోనా కాలం. కడపలో బస్సెక్కితే అందరి ముఖాలకూ మాస్కులే. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పింది. గువ్వలచెరువులో బస్సాగితే కిటికీ దగ్గరికి పాలకోవా తెచ్చారు. కొందామని చేయి చాపి, జైలు కూలి డబ్బులు లెక్కేసుకుని వెనక్కి తీసుకున్నావు. రాయచోటిలో బస్సు మారి, కలకడ మీదుగా కలికిరిలో దిగావు. ఊరి పొలిమేరలో నువ్వెరగని సైనిక్ స్కూలు, ఇంజినీరింగ్ కాలేజీ. మాస్కు పుణ్యాన వారంపాటు నిన్నెవరూ గుర్తుపట్టలేదు. జైలు విడిచాక నీకు దొరికిన మంచి వారం అదొక్కటే.

తర్వాత మొదలైంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే పని ఖాళీగా ఉందంటే పోయావు. "పిల్లోళ్ళు తినే అన్నం గదమ్మా," అన్నారు. ఆ మాటకు జవాబు లేదు. నువ్వు జైల్లో ఏళ్ళ తరబడి వందలమందికి వండిపెట్టావని చెప్పాలనుకున్నావు, చెప్పలేదు. తెలంగాణలో జైళ్ళ శాఖవాళ్ళు పెట్రోలు బంకులు పెట్టి విడుదలైనవాళ్ళకు కూడా పని ఇస్తున్నారని లోపలుండగా విన్నావు. కలికిరి నుంచి హైదరాబాదు పోవాలంటే పిల్లను ఎవరికి అప్పజెప్పాలి? చివరికి టమోటా మండీలో పని దొరికింది. పచ్చివి, దోరవి, పండినవి వేరుచేసి పెట్టెల్లో పేర్చడం. అక్కడ కాయను చూస్తారు. చేయిని చూడరు.

లైను కదిలింది. నాలుగడుగులు.

పెట్టెల అడుగున పరిచే పాత పేపర్లో కిందటి వారం ఒక ప్రకటన చూశావు. చీమ తలకాయంత అక్షరాలు. పోటీ చేసే అభ్యర్థి తన మీదున్న కేసుల పట్టిక అచ్చేయించుకున్నాడు. సెక్షన్లు, కోర్టు పేరు, కేసు ఏ దశలో ఉందో అన్నీ వరసగా. సుప్రీంకోర్టు 2018లో చెప్పినప్పటి నుంచి అలా మూడుసార్లు ప్రకటించాల్సిందే. అందులో కొన్ని సెక్షన్లు నీకు నోటికి వచ్చు. జైల్లో నీ పక్క చాప మీద పడుకున్నవాళ్ళవి అవే సెక్షన్లు. 2019లో గెలిచిన ఎంపీల్లో 233 మంది మీద కేసులున్నాయని ఏడీఆర్ అనే సంస్థ ఆ ఎంపీల అఫిడవిట్లు చూసి లెక్కతీసింది. ఈసారి అది 251 అవుతుంది. 543 మందిలో 251. ఆ లెక్క రావడానికి ఇంకా మూడు వారాలుంది.

కేసు పడ్డంత మాత్రాన దొంగ కాదు. ఆ సంగతి నీకంటే ఎవరికి తెలుసు? ఈ రాష్ట్రంలో ముఖ్యమంత్రి పీఠం కోసం తలపడుతున్న ఇద్దరూ జైలు అన్నం తిన్నవాళ్ళే. జగన్‌మోహన్ రెడ్డి 2012 మే నుంచి 16 నెలలు చంచల్‌గూడలో. కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబు నిరుడు సెప్టెంబర్, అక్టోబర్లలో 52 రోజులు రాజమండ్రిలో. ఇద్దరూ విచారణ ఖైదీలుగానే ఉన్నారు, ఎవరికీ శిక్ష పడలేదు. బయటికొచ్చిన రోజు ఇద్దరికీ పూలదండలు, రోడ్డు పొడుగునా జనం. అది తప్పని నువ్వనడం లేదు. జైలు నుంచి వచ్చినవాళ్ళను నమ్మడం ఈ జనానికి చేతనవుతుందని దాన్ని చూసే తెలుసుకున్నావు. మనిషిని బట్టి నమ్ముతారు, అంతే. నువ్వు బాండు తప్పితే లోపలికి. వాళ్ళు మాట తప్పితే మళ్ళీ మైకు ముందుకు.

వరండా. నీడ. గది గుమ్మం.

లోపల ఫ్యాను కిర్రుమంటోంది. మూడు బల్లలు. అట్టల వెనక రెండు మిషన్లు, ఒకటి పార్లమెంటుకు, ఒకటి అసెంబ్లీకి. గోడవారగా పార్టీల ఏజెంట్లు జాబితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మీద చూపు పడగానే కాళ్ళు ఆగిపోతాయి.

మూడో కుర్చీలో నీ మరిది.

నీ మొగుడి తమ్ముడు. కోర్టులో సాక్షిగా నిలబడ్డప్పుడు చూశావు. మళ్ళీ ఇప్పుడే. జుట్టు నెరిసింది. చొక్కా జేబుకు ఏజెంటు పాసు.

వెనక్కి తిరగొచ్చు. గుమ్మం రెండడుగులే. కడుపునొప్పి అని బయటికి పోతే ఎవరూ అడగరు. పోయిన రెండు ఎన్నికలకూ ఓటు వేయలేదు కదా, ఇదీ పోతే ఏం?

మొదటి బల్ల దగ్గరి ఆఫీసరు నీ చీటీ తీసుకున్నాడు. వరస నంబరు, పేరు గట్టిగా చదివాడు. ఏజెంట్లకు వినబడాలని అలా చదువుతారు.

"సార్. ఈమెకు ఓటు లేదు."

మరిది లేచి నిలబడ్డాడు.

"జైలు మనిషి సార్. ఖూనీ కేసు. ఓటెట్లా ఇస్తారు?"

గది ఆగిపోయింది. గుమ్మంలో ఉన్న ముసలామె మెడ సాచింది. సిరా బుడ్డి పట్టుకున్న అమ్మాయి నీ ముఖంలోకి చూసి, మూత మళ్ళీ పెట్టేసింది.

ప్రిసైడింగ్ ఆఫీసరు తలెత్తాడు. వేరే మండలం నుంచి డ్యూటీకొచ్చిన హెడ్మాస్టరులా ఉన్నాడు. ముక్కు మీద కళ్ళద్దాలు.

"జైల్లో ఉన్నవాళ్ళకు ఓటు లేదయ్యా. ఈమె నా ఎదురుగా ఉంది. జాబితాలో పేరుంది. ఇంకేంది?"

ఆయన చెప్పింది చట్టం. జైల్లో ఉన్నంతకాలం ఓటు వేయకూడదు. శిక్ష పడ్డవాళ్ళయినా, విచారణలో ఉన్నవాళ్ళయినా అంతే. బయటికొస్తే వేయొచ్చు. ఇంకో విచిత్రం, శిక్ష పడకుండా జైల్లో ఉన్న మనిషి ఓటు వేయకూడదు గానీ పోటీ చేయొచ్చు. ఈ ఎన్నికల్లోనే ఇద్దరు, ఒకరు డిబ్రూగఢ్ జైలు నుంచి, ఒకరు తిహార్ జైలు నుంచి ఎంపీలుగా గెలవబోతున్నారు.

మరిది కూర్చోలేదు.

"అయితే ఈమె ఆమె కాదు సార్. చాలెంజ్ ఓటు రాసుకోండి."

"నిజంగానా?"

"నిజంగానే."

"రెండు రూపాయలు కట్టు."

అవును, రెండు రూపాయలే. ఓటరు అసలు మనిషి కాదని ఏజెంటుకు అనుమానమొస్తే రెండు రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పొచ్చు. మనిషిని మాత్రమే శంకించాలి. నడతను కాదు. మరిది జేబులో వెతికి నాణెం తీసి బల్ల మీద పెట్టాడు. టంగుమంది.

ఆఫీసరు ఒక ఫారం బయటికి తీశాడు. నీ వైపు తిరిగాడు. గొంతు మారింది.

"చూడమ్మా. రూలు ప్రకారం ముందే చెప్పాలి. నువ్వు ఇంకొకరి పేరు మీద వచ్చావని తేలితే కేసవుతుంది. పోలీసులకు అప్పజెప్పాల్సి వస్తుంది. తెలిసిందా?"

కేసు.

ఆఫీసరమ్మ రెండుసార్లు చదివిన మాట. క్షమాభిక్ష రద్దు. తిరిగి లోపలికే.

గుమ్మంలో కానిస్టేబులు వచ్చి నిలబడ్డాడు.

నువ్వు నువ్వే. అది నీకు తెలుసు. కానీ నిజం చెప్పినవాళ్ళంతా గెలిచారా? కోర్టు చూసినదానివి. కాగితం మీద వేలిముద్ర పడ్డాక ఏమవుతుందో తెలిసినదానివి. సంతకం పెట్టకుండా పోతే ఏమీ కాదు. సాయంత్రం మండీ. రేపు మండీ. మూడు నెలలకు రిజిస్టరు. బతుకు సాగిపోతుంది.

"పోతావా అమ్మా, ఉంటావా?"

"ఉంటా సార్."

ఆ గొంతు నీదేనా?

"సంతకం పెట్టు."

పెట్టావు. చేయి వణికింది. అక్షరాలు వంకరపోయాయి.

"పేరు?"

చెప్పావు.

"ఇంటి నంబరు?"

చెప్పావు.

"భర్త పేరు?"

నోరు రాదు.

జాబితాలో ఆ పేరే ఉంది. నిరుడు ఓటరు నమోదుకు ఫారం 6 నింపేటప్పుడు నాయన పేరు రాయమని బీఎల్వోకు చెప్పావు. అతను ఆధార్ కార్డు చూసి ఎక్కించేసుకున్నాడు. ఇప్పుడు ఆ పేరు నీ నోటి నుంచి రావాలి. పెళ్ళైనప్పుడు మీ జేజి నేర్పింది, మొగుడి పేరు పలకకూడదని. కాపురం చేసినన్నాళ్ళూ పలకలేదు. కోర్టులో లాయర్లు పలికారు, నువ్వు తలూపావు. జైల్లోనూ రాసి చూపించావు గానీ అనలేదు.

మరిది నిన్నే చూస్తున్నాడు. రెప్ప వేయడం లేదు.

ఫ్యాను. కిర్రు. కిర్రు.

"చెప్పమ్మా."

చెప్పావు.

మూడక్షరాలు. గట్టిగానే. గుమ్మం దాకా వినబడేంత.

ఆఫీసరు జాబితాలో చూసుకున్నాడు. కార్డు మీద ఫొటో, నీ ముఖం. కళ్ళద్దాలు సర్దుకుని మరిది వైపు తిరిగాడు.

"సరిపోయింది. ఈమె కాదంటున్నావు. మరి ఎవరో చెప్పు. రుజువు చూపించాల్సింది నువ్వు."

"సార్..."

"ఎవరీమె?"

మరిది మెడ నరాలు పొంగాయి. పిడికిలి బిగిసింది. తర్వాతి మాట అతని చేతిలో లేదు.

"ఎవరేంది సార్! మా వదిన! మా అన్నను చంపింది ఈమే!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పక్క కుర్చీలోని ఇంకో పార్టీ ఏజెంటు కిసుక్కుమన్నాడు. ఆఫీసరు నవ్వలేదు. ఫారం మీద ఏదో రాసి, నాణెం కవర్లో వేసి, నాలుకతో తడిపి అంటించాడు.

"సాక్షివి నువ్వే దొరికావు. అభ్యంతరం కొట్టేశాను. ఈ రెండు రూపాయలు గవర్నమెంటుకు. కూర్చో."

మరిది కూర్చున్నాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఆ భుజాల కదలిక చూసి నీకు గెలిచిన సంతోషం కలగదు. అతనికి పోయింది అన్న. ఏ ప్రభుత్వం విడుదల చేసినా ఆ అన్న తిరిగి రాడు. నువ్వు అతనికి చెప్పాల్సిన మాట ఒకటుంది, పదకొండేళ్ళుగా. దానికి ఇది చోటు కాదు. ఎక్కడ చోటో కూడా తెలియదు.

"వేలు చాపండక్కా," అంటోంది సిరా అమ్మాయి.

అక్కా.

ఎడమచేతి చూపుడువేలు. చల్లగా ఒక గీత, గోరు మీంచి చర్మం దాకా. జైల్లో పది వేళ్ళకూ పూసేవాళ్ళు, కాగితాల మీద అద్దించుకునేందుకు. ఇది ఒక్క వేలికే. ఎవరూ వేలు పట్టుకుని నొక్కలేదు.

అట్ట వెనక నువ్వొక్కదానివే. తెల్ల కాగితం అతికించింది పార్లమెంటుది. గులాబీ రంగుది అసెంబ్లీది. పేర్లు, ఫొటోలు, గుర్తులు. అందరూ చేతులు కట్టుకుని మంచివాళ్ళలా చూస్తున్నారు. వరస చివర 'నోటా'. నువ్వు లోపలికి పోయిన ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని పెట్టమంది. నువ్వు చూడటం ఇదే మొదలు. ఎవరూ నచ్చలేదని చెప్పే మీట. ముసలామె "ఎవురొచ్చినా ఇంతేలే" అన్న మాటకు ఒక గుర్తిచ్చి మిషన్లో పెట్టినట్టుంది.

వేలు అక్కడిదాకా పోయింది. ఆగింది.

పొద్దున్నుంచి నీకు కోపమే. హోదా మీద, టమోటా ధర మీద, చీమ తలకాయంత అక్షరాల మీద. ఆ కోపమంతా ఈ మీట మీద నొక్కేసి పోవచ్చు. అది నీ హక్కు. కానీ ఇందాక రెండు రూపాయలకు నువ్వు మనిషివి కాకుండా పోయేదానివి. అంత కష్టపడి నిలబెట్టుకున్నదాన్ని ఎవరి మీదా పెట్టకుండా పోవాలా? ఇంకొకరికి అవకాశమిచ్చి చూడటమంటే ఏమిటో, అవకాశం దొరక్క తిరిగినవాళ్ళకే తెలుస్తుంది. ఎవరికిచ్చావో ఇక్కడ రాయడం పద్ధతి కాదు.

ఎర్రదీపం. పక్క అద్దంలో చీటీ కనబడింది. ఏడు సెకన్లు. తెగి పడింది. బీప్.

రెండోసారి. బీప్.

బయటికొస్తే ఎండ ఇంకా ముదిరింది. ముసలామె గుమ్మంలోనే ఉంది. "ఏమే, గట్టిదానివే," అని పక్కకు జరిగింది. ఎంత దూరం జరిగిందో నువ్వు కొలవలేదు. మండీకి ఆలస్యమవుతోంది.

ఓట్ల పండగని టమోటా ఆగదు. లారీ మధ్యాహ్నం మూడింటికి బయలుదేరాలి. నువ్వు చేరేసరికి పదకొండు దాటింది. వంగి పెట్టెలు నింపుతూనే ఉన్నావు, మేస్త్రీ పుస్తకం పట్టుకొచ్చాడు.

"నీకీ పొద్దు సగం కూలే. లేటుగా వచ్చినావు."

నిన్నటిదాకా అయితే తలూపేదానివి.

"ఓటుకు పోయినానన్నా. ఈ పొద్దు మొత్తం కూలీ ఇయ్యాల."

"ఎవరు చెప్పినారు?"

"చట్టం. 135 బీ. పోలింగు రోజు సెలవిచ్చి కూలీ కోయకూడదు. దినకూలీకి కూడా. కోస్తే ఐదు నూర్లు జరిమానా."

మేస్త్రీ పెన్ను చెవిలో పెట్టుకున్నాడు. "ఏ లాయరు దొరికినాడే నీకు?"

"జైలుకొచ్చేది ఒక లాయరమ్మ. లీగల్ ఎయిడ్ నుంచి. ఆదివారాలు చెప్పేది."

జైలు అనే మాట మండీలో నీ నోటి నుంచి రావడం అదే మొదలు. గుట్టల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ చేతులు ఆగాయి. తలలు ఇటు తిరిగాయి. అందరి ఎడమచేతి వేళ్ళకూ సిరా ఉంది, కొందరిది టమోటా రసం కింద మసకగా కనబడుతోంది.

మేస్త్రీ పుస్తకం కేసి, లారీ కేసి చూశాడు.

అవతలి గుట్ట దగ్గర్నుంచి ఒకామె అడిగింది, కాయ చేతిలోనే పట్టుకుని: "అక్కా, మాకు కూడానా అది?"